వెలగని ‘వ’

చిన్నమ్మ పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను పటాన్‌చెరు మార్కెట్ యార్డు ముందు రైతుల ధర్నా దగ్గర ఉన్నాను. చేసింది బీరంగూడలో ఆమె పక్కింటావిడ. “పొద్దుగాల చాయ్ తాగింది. కుర్చీల కూసున్నది. ఇగ లేవలే” అంది. ఇలాంటి వార్తలు ఫోన్లో తీసుకోవడం నా ఉద్యోగం. ఎవరు, ఎప్పుడు, ఎట్లా అని అడగడం అలవాటైపోయింది. ఆ రోజూ అవే అడిగాను. ఆమె అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి చివర ఒక మాట అంది. “జల్దీ రా బిడ్డా. ముంగటి రూముల ఆమె బొమ్మ ఉన్నది. ఇంకా పచ్చిగనే ఉన్నది. ఎటు జరపాల్నో మాకు తెలుస్తలేదు.”

నేను వెళ్లేసరికి ఇంట్లో టర్పెంటైన్ వాసన, అవిసె నూనె వాసన ఎప్పటిలాగే ఉన్నాయి. అగరుబత్తీలు వెలిగించారు కానీ ఆ వాసన తగ్గలేదు. స్టాండు మీదున్న బొమ్మను నేనూ పక్కింటావిడా చెరో అంచు పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి బియ్యం డ్రమ్ము మీద గోడకు ఆనించాం. చిన్నమ్మను ముందుగదిలో పడుకోబెట్టింది ఆ తర్వాతే. చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వచ్చిన బంధువు ఒకామె ఆ బొమ్మను చూసి, “హోటల్ బోర్డు మంచిగనే ఏసింది గని, మొదటి అక్షరం ఎలిసిపోయినట్టున్నదేంది?” అంది.

ఆ అక్షరం వెలిసిపోలేదు. చిన్నమ్మ చివరి నెలలన్నీ ఆ ఒక్క అక్షరం కోసమే ఖర్చయ్యాయి.

ఆమె మా అమ్మకు చెల్లెలు. సంగారెడ్డిలో పుట్టింది. అక్కడి నుంచి రోజూ కంపెనీ బస్సులో బీరంగూడ పక్కనున్న పెద్ద ఫ్యాక్టరీకి వెళ్లి డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేసింది. ఇంజినీర్లు పెన్సిల్‌తో గీసిన యంత్రాల బొమ్మల మీద పల్చటి కాగితం పరిచి, సిరాతో మళ్లీ గీయడం ట్రేసర్ పని. కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది. ఆమెను స్టోర్స్‌కు మార్చారు. అక్కడే రిటైరై, బీరంగూడలో చిన్న ఇల్లు కొనుక్కుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్లందరికీ ఒక కారణం చెప్పేది, అయితే ఏ ఇద్దరికీ ఒకే కారణం చెప్పలేదు. నాకు చెప్పింది ఇది: “చూడొచ్చినోడు శానా పొడుగుండె. మనింటి దర్వాజ చిన్నది.”

డ్రాయింగ్ ఆఫీసులో ఒక నియమం ఉండేదట. యంత్రంలో కంటికి కనబడే అంచును నిండు గీతతో గీయాలి. లోపల ఉండి, ముందు భాగం అడ్డం వచ్చి కనబడని అంచును ముక్కలు ముక్కలుగా గీయాలి. దాన్ని ఆమె ముక్కల గీత అనేది. “కనబడేదానికి నిండు గీత. ఉండి కూడ కనబడని దానికి ముక్కల గీత. లేనిది మాత్రం గియ్యొద్దు. గీస్తే ఆడ మిషిన్ తయారుజేసేటోడు ఆగమైతడు.”

నేను పేపర్లో చేరిన కొత్తలో ఈ నియమాన్ని నా వార్తలకు కూడా అంటగట్టింది. పొద్దున్నే పేపరు చదివి ఫోను చేసేది.

“ఇయ్యాల నువ్వు రాసిన చెరువు ముచ్చట ఏ గీత రా?”

“నిండు గీత చిన్నమ్మా. పోయి చూసొచ్చిన.”

“మరి కింద మంత్రి ఇచ్చిన హామీ?”

“అది ముక్కల గీత.”

“ముక్కలు గూడ లేవు బిడ్డా. ఉత్త కాగితమే.”

ఆ తర్వాత నాకు చాలామంది ఎడిటర్లు దొరికారు. ఇంత తక్కువ మాటల్లో పని నేర్పిన వారు లేరు. ఇప్పటికీ వార్త పంపే ముందు ఏ వాక్యం ఏ గీతో ఒకసారి చూసుకుంటాను.

రిటైరయ్యాక కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరింది. మూడో వారానికే మానేసింది. “మంచుకొండలు వెయ్యమన్నడు సారు. నేనెప్పుడు చూసిన మంచుకొండలు? ఫోటో ఇస్త, చూసి వెయ్యమన్నడు. ఫోటో చూసి వేసేదానికి నేనెందుకు, జిరాక్స్ సెంటర్ ఉన్నది గద అన్న.” ఆ వారం నుంచి ఆమె క్లాసు బొంబాయి రోడ్డు మీదికి మారింది.

మడత స్టూలు, నల్ల గొడుగు, రంగు ట్యూబులు సర్దుకున్న రేకు డబ్బా వెంట ఉండేవి. పొలం పనికి పోయే ఆడవాళ్లలాగా చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కునేది. సంగారెడ్డి చౌరస్తాలో పాత లాడ్జి, దాని నెత్తిన లోపలికి దారి చూపించే నియాన్ బాణం వేసింది. రెక్కలు చాచినట్టు కాంక్రీటు కప్పు ఉన్న పెట్రోలు పంపు వేసింది. లారీలు తూచే కాంటా గది, మూతపడ్డ సినిమా హాలు ముందు అక్షరాలు నిలువుగా పేర్చిన స్తంభం, నియాన్ కోడిపుంజు ఉన్న ధాబా కూడా వేసింది. గడ్డపోతారంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ పాత గేటు కమాను వెయ్యాలని వెళ్లి, పొద్దెక్కక ముందే తిరిగొచ్చింది. “ఆడి వాసనకు నా టర్పెంటైన్ ఓడిపోయింది రా” అంది.

కట్టడాలను పొద్దున, నియాన్ బోర్డులను దీపాలు పెట్టే వేళకు వేసేది. ఈ పాత బోర్డులే ఎందుకని ఒకసారి అడిగాను. “కంపెనీ బస్సు కిటికీల నుంచి రోజు చూసినవే గదరా. పొద్దుగూకినంక ఏ స్టాపు వచ్చిందో గీ బోర్డులను చూసే తెలుస్తుండె. దిగి చూద్దామంటే అప్పుడు టైం లేకుండె. ఇప్పుడు దిగిన.”

నియాన్ వెలుగును రంగుల్లో ఎలా పట్టాలో ఆమెకు నేర్పినవాళ్లు లేరు. చాలా బొమ్మలు పాడయ్యాయి. మొదట్లో ఎర్ర ట్యూబును ఎర్రగానే వేస్తే గాజులాగా కాక మిరపకాయలాగా కనబడేదట. చాలా రోజులకు కిటుకు తెలిసింది. “ట్యూబుల ఎరుపు ఉండదు రా. నడిమిట్ల దాదాపు తెల్లగనే ఉంటది. ఎరుపంత పోయి పక్కనున్నోళ్ల మీద పడ్తది, గోడ మీద, రేకు మీద. పక్కనున్నోళ్లను సరిగ్గ వేస్తే వెలుగు దానంతటదే వస్తది.”

ఈ రోడ్డు మీద ఒక మనిషి కూర్చుని, ఒక కన్ను మూసి, కుంచె నిలువుగా పట్టి ఎదుటి దుకాణాన్ని కొలుస్తుంటే చూసేవాళ్లకు వచ్చే ఆలోచన ఒక్కటే: రోడ్డు వెడల్పు సర్వే. చిన్నమ్మ ఎక్కడ కూర్చున్నా అరగంటలో ఎవరో ఒకరు చాయ్ పట్టుకుని వచ్చేవాళ్లు. ముత్తంగి దగ్గర ఒక పంక్చర్ దుకాణం ముందు ఇది నా కళ్ల ముందే జరిగింది.

“మేడం, ఎన్ని ఫీట్లు పోతది?”

“ఏంది పోయేది?”

“మా దుకాణం.”

“నాకేమెరుక? నేను బొమ్మ వేస్తున్న.”

అతను నమ్మలేదు. కుర్చీ తెచ్చి వేశాడు. చాయ్ గ్లాసు చేతికిచ్చాడు. గొంతు తగ్గించి, “జెర అవుతలి దిక్కు ఎక్కువ కొలువుండ్రి మేడం. ఆడ పెద్ద పెద్దోళ్లున్నరు, ఇంత పోయినా తట్టుకుంటరు” అన్నాడు. చిన్నమ్మ ఆ రోజు బొమ్మ కట్టేసి ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

కొన్నేళ్లకు ఆ నవ్వు తగ్గింది. ఆమె వేసిన కట్టడాలు నిజంగానే ఒక్కొక్కటీ పోసాగాయి. పెట్రోలు పంపు పోయింది, కాంటా గది పోయింది, పంక్చర్ దుకాణం కూడా పోయింది. “గా ముసలామె బొమ్మ వేసిందంటే దుకాణం లేస్తది” అన్న మాట రోడ్డు పొడుగునా పాకింది. నేను అడిగినవాళ్లందరికీ అసలు సంగతి చెప్పి చూశాను. ఆమె ఎంచుకునేవన్నీ పాతవి. పాతవన్నీ రోడ్డుకు ఆనుకునే కట్టారు. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేవి అవే. నా మాట విన్నవాళ్లు తలూపేవారు, చిన్నమ్మ కనబడగానే షట్టరు సగం దించేవారు.

అలా భయపడ్డవాళ్లలో హోటల్ వసంతమ్మ కూడా ఉంది.

పటాన్‌చెరు దాటి రుద్రారం పోయే దారిలో ‘వసంత విలాస్’ అని పాత టిఫిన్ హోటల్ ఉండేది. సేటు లోపల పెనం దగ్గర, ఆయన భార్య వసంతమ్మ బయట గల్లా మీద కూర్చునేవారు. పైన నియాన్ బోర్డు, ఎర్ర తెలుగు అక్షరాలు. ఎప్పుడో ఒక వడగండ్ల వానకు మొదటి అక్షరం ఆరిపోయింది. ట్యూబు పగల్లేదు, లోపలి గ్యాసు పోయింది. ఒక్క ట్యూబు పోతే బోర్డంతా వెలగదు కాబట్టి, ఎలక్ట్రీషియన్ ఆ అక్షరాన్ని వదిలేసి వైరును రెండో అక్షరానికి కలిపాడు. కొత్త ట్యూబు వంచేవాళ్ల కోసం హైదరాబాద్‌లో వెతికారు. ఉన్న ఒక్కాయనా ఆ పని మానేసి ప్లాస్టిక్ బోర్డులకు మారాడట. అప్పటి నుంచి చీకటి పడితే అక్కడ ‘సంత విలాస్’ అని వెలిగేది.

అంతే, ఆ స్టాపు పేరు సంత అయిపోయింది. కండక్టర్లు “సంత, సంత, దిగాలె” అని అరిచేవాళ్లు. పనికి కొత్తగా వచ్చిన బీహార్ కార్మికులకు సంత అంటే ఏమిటో ఎవరో చెప్పేవాళ్లు. వాళ్లు ఆదివారం పూట కూరగాయల సంచీ పట్టుకుని దిగి, ఇడ్లీ తిని తిరిగి వెళ్లేవాళ్లు. ఒకసారి ఆ స్టాపు దగ్గర లారీ బోల్తా పడితే, నేను పంపిన నాలుగు వాక్యాల వార్తకు మా డెస్కులో ఎవరో ‘సంతలోకి దూసుకెళ్లిన లారీ’ అని శీర్షిక పెట్టారు. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ల నుంచి కంగారుగా ఫోన్లు. వాస్తవానికి ఆ లారీ కింద పడింది ఉల్లిగడ్డల బస్తాలే. చిన్నమ్మ ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంది. “లేని సంతల లారీ దూరింది చూడు. గిది ఏ గీత రా?” అని వచ్చినప్పుడల్లా అడిగేది.

హోటల్‌కు వచ్చేవాళ్లంతా వసంతమ్మను సంతమ్మ అనేవాళ్లు. వసంతా అని పిలిచింది చిన్నమ్మ ఒక్కతే. ఇద్దరికీ పాత పరిచయం. చిన్నమ్మ ఆ బోర్డు వేస్తానని అడిగినప్పుడల్లా వసంతమ్మ చేతులు జోడించేది. “అక్కా, ఇడ్లీ తిను, చాయ్ తాగు, దినమంత కూసో. నీ కాళ్లు మొక్కుత, బొమ్మ మాత్రం వెయ్యకు.”

“నేను వేస్తే కూలుతదా వసంతా?”

“కూలదు అక్కా. నువ్వు మంచిదానివే. నీ చెయ్యే జెర డేంజర్.”

కిందటి వేసవి తర్వాత రోడ్డోళ్లు వచ్చి హోటల్ గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టి పోయారు. ఆ సాయంత్రమే వసంతమ్మ ఫోను చేసింది. “అక్కా, నీ బొమ్మ లేకుండనే పోతున్నది. ఇగ వచ్చి వెయ్యి.”

నేనే కారులో తీసుకెళ్లాను. అప్పటికే చిన్నమ్మకు ఆయాసం మొదలైంది. రోడ్డు దుమ్ములో, పొగలో కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. “ఆయన చెప్పిండు, నేను విన్న” అంది ఆమె. విన్నాను అంది కానీ మానేస్తానని అనలేదు.

వసంతమ్మ మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని షరతు చెప్పింది.

“పేరు మొత్తం రాయాలె అక్కా. వ గూడ వెలగాలె.”

“అది వెలుగుతలేదు గద.”

“వెలుగుతలేదని ఊరందరికి ఎరుకే. బొమ్మలనన్న వెలిగియ్యి.”

“వెలగనిది వెలిగినట్టు నేను వెయ్యలేను వసంతా.”

“నువ్వు చూడలేదా? బస్సుల పోంగ రోజు చూసినవ్ గద, అప్పుడు మొత్తం వెలుగుతుండె.”

“చూసిన. గని యాదికున్నది వేరు, కండ్ల ముంగట ఉన్నది వేరు.”

వసంతమ్మ ఒకసారి లోపలికి తొంగి చూసింది. సేటు పెనం మీద నీళ్లు చల్లుతున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

“ఒక ముచ్చట చెప్త విను. మా ఇండ్లల్ల పెనిమిటి పెండ్లాం పేరు పట్టి పిలవడు. ఇగో అంటడు, వింటున్నవా అంటడు. మా పోరడు బళ్లె చేరినప్పుడు అమ్మ పేరేందని సారు అడిగితే ‘ఇగో’ అని చెప్పిండు. నవ్వకు, నిజం. ఆయన ఇప్పటిదాంక నన్ను పేరు పెట్టి పిలవలే. గని హోటల్ పెట్టినప్పుడు ఎవ్వరినీ అడగకుండ పట్నం పోయి గా బోర్డు చేపిచ్చిండు. నోట్లకెళ్లి రాలేదు గని, కరెంటు పెట్టి రాపిచ్చిండు. నాకు అదొక్కటే ఉండె. పోతే పోయింది, మొదటి అక్షరమే పోవాల్నా? సంత అని అంగడిని చేసిండ్రు నన్ను.”

వసంతమ్మ నా వైపు తిరిగింది.

“పేపరాయనా, నువ్వన్న చెప్పు మీ చిన్నమ్మకు.”

“ఉన్నది ఉన్నట్టు వేస్తేనే బొమ్మకు విలువ అమ్మా” అన్నాను.

“ఓహో. మీ పేపర్ల అంత ఉన్నది ఉన్నట్టే రాస్తుండ్రా? నా హోటల్ కాడ సంత పెట్టి, దాండ్లకు లారీని తోలింది ఎవరు?”

చిన్నమ్మ నా పక్షం రాలేదు, నవ్వు ఆపుకోవడంలో ఉంది. అయితే మాట మాత్రం మార్చలేదు. “బొమ్మ వేస్త వసంతా. నీ పేరు సంగతి నన్ను ఆలోచించనియ్యి” అని లేచింది. ఆ హోటల్లో మాకు చాయ్ రాని సాయంత్రం అదొక్కటే.

తర్వాతి వారాల్లో వీలైనప్పుడల్లా ఆమెను అక్కడికి తీసుకెళ్లాను. రోడ్డుకు ఇవతల, మూసేసిన హార్డ్‌వేర్ దుకాణం అరుగు మీద స్టూలు వేసుకునేది. ముక్కుకు కొంగు కట్టుకునేది. గోడ వేసింది, గోడ మీద రోడ్డోళ్ల ఎర్ర గుర్తు కూడా వేసింది. మెట్లు, నీళ్ల డ్రమ్ము, తలుపు పక్కన వేలాడదీసిన అరటి గెల వేసింది. బోర్డులో సంత విలాస్ అనే అక్షరాలన్నీ వచ్చాయి. మొదటి అక్షరం చోటు మాత్రం ఖాళీగా ఉంచింది. దాని దగ్గరికి వచ్చేసరికి కుంచె కడిగేసేది.

వెలిగినట్టు వేస్తే అబద్ధం. వెయ్యకుండా వదిలేస్తే, హోటల్ కూలాక వసంతమ్మ పేరు ఇక ఎక్కడా ఉండదు. దారిలో కారులో ఆమె బయటకు అన్నది ఇంతే: “ఇంజినీర్లు మంచిగుండె రా. వాళ్లు గీసింది నేను గీస్తుంటి. గీన్నేమో ఇద్దరు ఇంజినీర్లున్నరు, వసంత ఒకతి, నేనొకదాన్ని.”

ఒకరోజు సాయంత్రం వాన వెలిసింది. రోడ్డంతా తడిగా ఉంది. సేటు బోర్డు స్విచ్ వేశాడు. చిన్నమ్మ కుంచె పట్టుకుని చాలాసేపు అటే చూసి, చెయ్యి చాచింది. “లేవట్టు నన్ను. దగ్గరికి పోదాం.” లారీల మధ్య చేయి పట్టుకుని రోడ్డు దాటించాను. రెండడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకుంది. సరిగ్గా బోర్డు కిందికి వచ్చి తల పైకెత్తింది.

“చూడు.”

“ఏం చూడాలె?”

“వ ను చూడు.”

పక్కన స వెలుగుతోంది. వెలగని వ గాజు గొట్టం పొగపట్టి బూడిదరంగులో ఉంది. కాకపోతే పూర్తిగా బూడిదరంగు కాదు. స వైపున్న అంచు పొడుగునా, తడి గాజు మీద, సన్నటి ఎర్ర చార ఉంది. గుండ్రం తిరిగిన చోట ఆ చార తెగిపోయి, అవతల మళ్లీ కనబడుతోంది. రోడ్డు అవతల నుంచి మాకు అది ఇన్నాళ్లూ కనబడలేదు.

“ట్యూబు ఆడనే ఉన్నది రా. ఎటు పోలే” అంది చిన్నమ్మ. ఆయాసంతో మాట ఆగి ఆగి వస్తోంది, అయినా నవ్వుతోంది. “వెలుగుతలేదు, అంతే. ఉన్నది గని కనబడ్తలేదు.”

“ముక్కల గీత” అన్నాను.

“ముక్కల గీతే. ఎన్నేండ్లు గీసిన, నాకే యాదికి రాలే చూడు.”

గల్లా మీది నుంచి వసంతమ్మ అరిచింది. “ఏందక్కా, బోర్డు కింద నిలబడి నవ్వుతున్నవ్?”

“అయినంక చూపిస్త వసంతా” అంది చిన్నమ్మ. ఎంత అడిగినా ఇంకో మాట చెప్పలేదు.

దసరా పోయిన కొన్నాళ్లకు హోటల్ ఖాళీ చేశారు. బోర్డు దించుతుంటే ట్యూబులన్నీ పగిలాయి. రుద్రారం దగ్గర, యూనివర్సిటీ పిల్లలు ఎక్కువగా తిరిగే చోట, కొత్త గది తీసుకున్నారు. ‘ఇగో’ అని చెప్పిన ఆ కొడుకే ఇప్పుడు వ్యాపారం చూస్తున్నాడు. కొత్త ఎల్ఈడీ బోర్డు చేయించాడు. దాని మీద ‘సంత టిఫిన్స్’ అని రాయించాడు. “గిరాకీకి ఎరుకైంది గా పేరే అమ్మా. గిప్పుడు వసంత అంటే ఎవరొస్తరు?” అన్నాడట. వసంతమ్మ ఈ సంగతి ఫోన్లో చెప్పింది. చిన్నమ్మ ఫోను పెట్టేసి, నన్ను స్టాండు కిటికీ దగ్గరికి జరపమంది.

మిగతా పని ఇంట్లోనే చేసింది. ఆ సాయంత్రం చూసినది చాలు అంది. పోవడానికి ముందు రోజు నాతో ఫోన్లో మాట్లాడింది. “అయిపోయింది రా. ఇయ్యాల వ మీద ఎరుపు పెట్టిన. గా ఎరుపు శానా బద్ధకం, ఆరనీకి వారాలు తీసుకుంటది. ఆరినంక వసంతకు ఇచ్చొద్దాం. కారు దీసుకొని రా.” నా వార్తల సంగతి ఆ రోజు అడగలేదు. ఆ పొద్దున పేపర్లో నా వార్త లేదు, ఆ సంగతి ఆమెకు తెలుసు.

చిన్నమ్మ పోయిన రోజు వసంతమ్మా సేటూ వచ్చారు. వసంతమ్మ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, “ఇగ నన్ను వసంతా అనేటోళ్లు ఎవరున్నరక్కా” అని ఏడ్చింది. సేటు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బొమ్మ వంటింట్లో ఉందని నేను చెప్పలేదు. అప్పుడు చెప్పే మాట కాదనిపించింది.

కర్మకాండలన్నీ అయ్యాక ఒక సాయంత్రం ఆ బొమ్మను కారు వెనక సీట్లో పడుకోబెట్టి రుద్రారం తీసుకెళ్లాను. హోటల్ నిండా హాస్టల్ పిల్లలు. గల్లా పక్క గోడకు మేకు ఉంది, అక్కడే తగిలించాను. వసంతమ్మ టోకెన్లు చింపుతూ ఒకసారి తల తిప్పి చూసింది. కూర్చున్న చోటు నుంచి ఆమెకు వెలుగుతున్న అక్షరాలే కనబడి ఉంటాయి.

“సంత విలాసే గద” అంది. “నాకెరుకే, ఆమె వెయ్యదు. మాట మీద నిలబడే మనిషి.” కళ్లు తుడుచుకుని, మళ్లీ పిల్లల వైపు తిరిగింది. “రెండు దోశె, ఒక పూరీ. ఇంకేం బిడ్డా?”

లోపలి నుంచి సేటు భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని బొమ్మకు బాగా దగ్గరగా నిలబడ్డాడు. మెట్లు చూశాడు, అరటి గెల చూశాడు, తర్వాత బోర్డు. మొదటి అక్షరం దగ్గర ఆగాడు. చూపుడు వేలు ఎత్తి ఆ బూడిదరంగు వంపు మీద, సన్నటి ఎర్ర చార వెంట మెల్లగా జరిపాడు. ఆ వంపు తిరిగిన చోటల్లా వేలు తిరిగింది. తర్వాత పక్క అక్షరానికి వచ్చాడు. బడిలో చదివినట్టు, విడివిడిగా, పైకి చదివాడు.

“వ... సం... త.”

గల్లా దగ్గర టోకెన్ చింపుతున్న చెయ్యి ఆగింది. వసంతమ్మ వెనక్కి తిరగకుండానే అడిగింది.

“పిలిచిండ్రా?”

సేటు వేలి కొసకు చిన్నమ్మ ఎరుపు అంటుకుంది, ఇంకా ఆరలేదు. తువ్వాల భుజం మీదే ఉంది. దానికి తుడుచుకోకుండా, ఆ వేలును అలాగే పైకి పట్టుకుని నిలబడ్డాడు.